బయాప్సీలో తేడా వస్తే: ముందు ఎంఆర్ఐయా, నేరుగా మళ్లీ బయాప్సీయా?

ప్రోస్టేట్ బయాప్సీలో క్యాన్సర్ అని తేల్చలేదు, కానీ కణాలు అనుమానంగా ఉన్నాయన్నారు. ఇప్పుడేం చేయాలి?

బాధ: ఎంఆర్ఐకి చేతి నరంలో కాంట్రాస్ట్ ఇంజెక్షన్ చాలు. బయాప్సీ తర్వాత మూత్రంలో, వీర్యంలో కొన్నాళ్లు రక్తం పడొచ్చు. మలద్వారం గుండా చేస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పూ ఉంది.

ఖర్చు: ఎంఆర్ఐలో మచ్చ కనిపిస్తే బయాప్సీ ఎలాగూ తప్పదు, రెండు ఖర్చులూ పడతాయి.

పట్టుకునే శక్తి: అసలు తేడా ఇక్కడే. బ్రిటన్‌లో 576 మందిపై జరిగి 2017లో వెలువడిన ప్రోమిస్ అధ్యయనంలో, ప్రమాదకర క్యాన్సర్లలో ఎంఆర్ఐ 93 శాతాన్ని, మామూలు బయాప్సీ 48 శాతాన్ని పట్టుకున్నాయి. వాళ్లంతా అంతకుముందు బయాప్సీ చేయించుకోనివారని గుర్తుంచుకోవాలి. అయినా గుడ్డిగా మళ్లీ పొడిపించుకోవడం కన్నా, మచ్చ ఎక్కడుందో చూసి అక్కడే సూది వేయించుకోవడం మేలని నా గట్టి నమ్మకం.

సమయం: బయాప్సీ రక్తపు మరకలు స్కాన్‌ను తికమకపెడతాయి, సాధారణంగా 6-8 వారాలు ఆగమంటారు.

పైరాడ్స్ స్కోరు (ఎంఆర్ఐలో క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే 1-5 అంకె) 1-2 ఉండి, పీఎస్ఏ (రక్తంలో కొలిచే ప్రోస్టేట్ ప్రొటీన్) సాంద్రత, అంటే పీఎస్ఏను ప్రోస్టేట్ పరిమాణంతో భాగిస్తే వచ్చే అంకె, 0.15 లోపు ఉంటే పీఎస్ఏ చూసుకుంటూ ఆగడం గురించి యూరాలజిస్టును అడగండి. స్కోరు 4-5 అయితే బయాప్సీ చేయించాల్సిందే. పేస్‌మేకర్ వల్ల ఎంఆర్ఐ కుదరకపోతే నేరుగా బయాప్సీకే వెళ్లడం నయం.