మా అమ్మాయి స్కూల్లో సెక్స్ ఎడ్యుకేషన్: పాఠం బాగుంది, మీటింగ్ దండగ

ఇంగ్లండ్‌లో సెకండరీ స్కూళ్లన్నిటికీ ఈ పాఠాలు 2020 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. దీనికి ఆధారమైన చట్టం 2017 నాటిది. మా అమ్మాయి క్లాసులో సమ్మతి గురించి చెప్పేటప్పుడు టీచరు ఉపన్యాసం దంచలేదు. ఫోన్ మెసేజీలు రాసిన చీటీలు పంచి, "ఇక్కడ అవతలివాళ్లు ఒప్పుకున్నట్టా, మొహమాటపడ్డట్టా?" అని అడిగారట. ఇంటికొచ్చి దాని మీద నాతోనే వాదన పెట్టుకుంది. ఆ ఒక్కదానికే మూడు స్టార్లు.

తల్లిదండ్రుల మీటింగుకు మాత్రం ఒక్కటే. పాలసీ రాసేటప్పుడు మమ్మల్ని సంప్రదించాలని రూలు. మాకు చూపించింది ఖరారైపోయిన కాగితం! ఒకాయన "మా వాణ్ణి కూర్చోబెట్టను" అని లేచాడు. సెక్స్ పాఠాల వరకే అలా అడగొచ్చు. సంబంధాలు, ఆరోగ్యం పాఠాలకూ, సైన్సులో వచ్చే పునరుత్పత్తికీ కుదరదు. పైగా 16 ఏళ్లు నిండడానికి మూడు టర్ముల (అంటే దాదాపు ఒక స్కూలు ఏడాది) ముందు నుంచి, తల్లిదండ్రులు వద్దన్నా పిల్లలు తమ ఇష్టం మీద ఆ పాఠాలకు కూర్చోవచ్చు. ఈ సంగతి చెప్పింది స్కూలువాళ్లు కాదు, నా పక్క కుర్చీలో ఆవిడ. స్లైడ్లు పంపమని అడిగితే "చూస్తాం" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.