పాతికేళ్ల లైట్‌స్పీడ్ క్లాసిక్: టైటానియం ఫ్రేమ్ కొని నేనే బిల్డ్ చేసుకున్న సైకిల్ రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఈ సైకిల్ అంటే నాకు ప్రాణం. పద్నాలుగు నెలలుగా వారానికి రెండు మూడు సార్లు తొక్కుతున్నాను, ఐదు వేల కిలోమీటర్లు దాటింది, కాబట్టి కొత్త మోజులో రాస్తున్న రివ్యూ కాదిది. పాత టైటానియం ఫ్రేమ్ కొనాలా వద్దా అని మా రైడ్ గ్రూపులో నెలకొకరైనా అడుగుతున్నారు. అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తే పోతుందని వివరంగా రాస్తున్నాను.

ఫ్రేమ్ లైట్‌స్పీడ్ క్లాసిక్, 2000 ప్రాంతంలో చేసింది. నేనుండేది అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో. ఈ ఫ్రేమ్ పుట్టిన చోటు ఇక్కడికి రెండు గంటల పైచిలుకు డ్రైవ్, టెనెసీలో చట్టనూగా దగ్గర. అక్కడ లిన్‌స్కీ అనే కుటుంబానికి మెషిన్ షాప్ ఉండేది. వాళ్లే 1986లో లైట్‌స్పీడ్ పేరుతో టైటానియం ఫ్రేములు చేయడం మొదలుపెట్టారు. 1999లో కంపెనీని అమ్మేసి, 2006లో ఈసారి తమ ఇంటిపేరుతోనే మళ్లీ ఇంకోటి పెట్టారు. అందుకే ఈ ప్రాంతంలో సైకిల్ పిచ్చి ఉన్నవాళ్ల గ్యారేజీల్లో పాత టైటానియం ఫ్రేములు వెతికితే దొరుకుతాయి. నాది ఒక రిటైరైన పెద్దాయన దగ్గర దొరికింది, పాత ఫోర్క్‌తో (ముందు చక్రాన్ని పట్టే భాగం) కలిపి 650 డాలర్లు. "సీట్‌పోస్ట్ కాస్త టైట్‌గా ఉంది" అన్నాడాయన, అంటే సీటుని మోస్తూ ఫ్రేమ్‌లోకి దిగే గొట్టం. ఆ కాస్త సంగతి తర్వాత చెప్తాను.

టైటానియమే ఎందుకు? మాది భీమిలి. సముద్రపు గాలికి స్టీల్ సైకిల్ ఏమైపోతుందో నాకు బాగా తెలుసు. మా నాన్న తన అట్లాస్ సైకిల్‌ని ఎంత తుడిచినా, ఎంత నూనె పట్టించినా రెండు వర్షాకాలాలకి మడ్‌గార్డులు చిల్లులు పడేవి. టైటానియానికి ఆ బాధ లేదు, తుప్పు అసలు పట్టదు, పెయింట్ కూడా అక్కర్లేదు. ఇంకో సంగతి, భీమిలి బీచ్ ఇసుకలో కనిపించే నల్ల చారల్లో ఇల్మెనైట్ ఉంటుంది, అది టైటానియం ఖనిజమే. చిన్నప్పుడు ఆ ఇసుకలో గుళ్లు కట్టి ఆడుకున్న నాకు, అదే లోహంతో చేసిన సైకిల్ ఇక్కడ దొరకడం మామూలు సంతోషం కాదు.

అయితే ఖనిజం దొరికినంత తేలిగ్గా లోహం రాదు. ఇనుములా కొలిమిలో బొగ్గు వేసి కరిగిస్తే అయ్యే పని కాదు. ముందు క్లోరిన్‌తో కలిపి టెట్రాక్లోరైడ్‌గా మార్చాలి, తర్వాత గాలి సోకకుండా కరిగిన మెగ్నీషియంతో దాన్ని విడగొట్టాలి. వెల్డింగ్ కూడా అంతే. వేడెక్కిన టైటానియం గాల్లోని ఆక్సిజన్‌ని, నైట్రోజన్‌ని పీల్చుకుని పెళుసుబారిపోతుంది, అందుకే ట్యూబ్ బయటా లోపలా ఆర్గాన్ వాయువు పెట్టి అతకాలి. ధర ఎక్కువ ఉండటానికి సగం కారణం ఇదే. నా ఫ్రేమ్ ట్యూబులు 3-2.5 రకం, అంటే 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వెనేడియం కలిపిన మిశ్రమం. విమానాల్లో హైడ్రాలిక్ గొట్టాలకి వాడే రకమే.

పాత ఫ్రేమ్ కొనేటప్పుడు టార్చ్ లైట్ తప్పకుండా తీసుకెళ్లండి. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) చుట్టూ, అక్కడి నుంచి వెనక చక్రానికి వెళ్లే చైన్‌స్టేలు అతికిన చోట, సీటు కింది నిలువు గొట్టం అంటే సీట్ ట్యూబ్ పైన క్లాంప్ దగ్గర, ఫోర్క్ దూరే హెడ్ ట్యూబ్ కింద, ఈ నాలుగు చోట్లా మురికి పూర్తిగా తుడిచి వెంట్రుకంత గీత ఉందేమో చూడాలి. వెల్డ్ రంగు కూడా చూడండి. వెండిలా మెరుస్తుంటే మంచిది, లేత గడ్డి రంగున్నా పర్లేదు, నీలం గానీ బూడిద రంగు గానీ కనిపిస్తే ఆర్గాన్ సరిగ్గా అందలేదని అర్థం. (ఎవరైనా పైన బాగా తోమేసి ఉంటే ఈ రంగు పోతుంది, అదొకటి గుర్తుంచుకోండి.) నా ఫ్రేమ్‌లో పగులు లేదు. ఒక చిన్న సొట్ట మాత్రం ఉంది, టాప్ ట్యూబ్ మీద, హ్యాండిల్‌బార్ తిరిగి తగిలిన చోట.

ఇక సీట్‌పోస్ట్. కాస్త టైట్ కాదు, కదల్లేదు. అల్యూమినియం పోస్ట్ టైటానియం ట్యూబ్‌లో గ్రీజు లేకుండా ఏళ్ల తరబడి ఉంటే, చెమటలో ఉప్పు దిగి అల్యూమినియం తినేయబడుతుంది, ఆ తెల్లటి ఆక్సైడ్ ఉబ్బి సందంతా బిగుసుకుపోతుంది. ఒక సైకిల్ షాపుకి తీసుకెళ్తే, పోస్ట్ కోసేసి లోపల మిగిలింది రీమర్ అనే పనిముట్టుతో గీకాలి, ఫ్రేమ్ పాడైతే మాకు సంబంధం లేదు, నాలుగు వందల డాలర్లు అన్నారు. ఫ్రేమ్‌ని సరిగ్గా చూడను కూడా చూడలేదు. నాకు చాలా బాధేసింది, ఇంటికి తెచ్చేసుకున్నాను.

పది రోజులు రోజూ రాత్రి పెనెట్రేటింగ్ ఆయిల్ పోశాను, ఫ్రేమ్ తిరగేసి బాటమ్ బ్రాకెట్ వైపు నుంచి కూడా పోశాను, ఏమీ కదల్లేదు. అప్పుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువు పనికొచ్చింది. చల్లబడినప్పుడు అల్యూమినియం, టైటానియం కన్నా రెండున్నర రెట్లు ఎక్కువ కుంచించుకుంటుంది. అంటే వేడి చేస్తే పోస్ట్ ఇంకా బిగుసుకుంటుంది, గడ్డకట్టిస్తే వదులవుతుంది. సూపర్ మార్కెట్‌లో డ్రై ఐస్ కొనుక్కొచ్చి, గ్యారేజీ తలుపు తీసి పెట్టి, మందపాటి గ్లవ్స్ వేసుకుని, పొడి చేసి పోస్ట్ గొట్టం నిండా కూరాను. మైనస్ 78 డిగ్రీలుంటుంది, చేత్తో ముట్టుకోవద్దు, మూసిన గదిలో అసలు చేయొద్దు. పావుగంట ఆగి, ఫ్రేమ్ తలకిందులు చేసి పోస్ట్ తలని బెంచ్ వైస్‌లో బిగించి, మా ఫ్రెండ్ ఒకవైపు నేనొకవైపు ఫ్రేమ్‌నే స్టీరింగ్‌లా మెల్లగా తిప్పాం. మూడోసారి డ్రై ఐస్ వేశాక టక్‌మని పెద్ద చప్పుడైంది. విరిగిందనుకుని గుండె ఆగినంత పనైంది, కానీ కదిలింది. తర్వాత అరగంటలో బయటికొచ్చేసింది. ట్యూబ్ లోపల గీత కూడా పడలేదు.

ఫ్రేమ్ మెరుగు సంగతి టైటానియంలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. పాతికేళ్ల గీతలన్నీ స్కాచ్‌బ్రైట్ ప్యాడ్‌తో ఒకే దిశలో రుద్దితే పోయాయి. ఆ నెలలో మా అమ్మ మా ఇంట్లోనే ఉంది. "అడ్డదిడ్డంగా తోమకు నాన్నా, బిందె తోమినట్టు చుట్టూ ఒకే వైపు తిప్పు" అని దగ్గరుండి చూపించింది. సీట్ ట్యూబ్ మొత్తం అమ్మ తోమిందే. ఆ ట్యూబ్ నేను తోమిన వాటికన్నా సమంగా వచ్చింది. కార్బన్ ఫైబర్ ఫ్రేమ్‌కి ఇలా ఎవరూ చేయలేరు.

విడిభాగాలు గబగబా చెప్పేస్తాను. షిమానో 105 ఆర్7000 గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకులు కలిసిన సెట్టు), 11 స్పీడ్ అంటే వెనక 11 గేర్లు, రిమ్ బ్రేక్ అంటే చక్రం అంచుని పట్టేది. అందరూ డిస్క్ బ్రేకులకి మారుతుండటంతో సెకండ్ హ్యాండ్‌లో శుభ్రంగా ఉన్నవి చవగ్గా దొరుకుతున్నాయి. ఫ్రేమ్‌లో వెనక చక్రం పట్టే చోటు 130 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి 11 స్పీడ్ రిమ్ బ్రేక్ చక్రం ఏ ఇబ్బందీ లేకుండా పట్టేస్తుంది. ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనక 11 నుంచి 34 పళ్ల దాకా ఉన్న క్యాసెట్ (గేర్ల పళ్ల చక్రాల కట్ట), దాని కోసం గొలుసుని గేరు మార్చే డిరైలర్ మీడియం కేజ్‌ది, అంటే చేయి కాస్త పొడుగున్నది, తీసుకున్నాను. షిమానో 11-34 క్యాసెట్‌ని 11 స్పీడ్ రోడ్ హబ్ (చక్రం మధ్య భాగం) మీద ఎక్కించాలంటే క్యాసెట్ వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు వేయాలి. అది మర్చిపోతే ఎంత బిగించినా క్యాసెట్ ఊగుతూనే ఉంటుంది. బాటమ్ బ్రాకెట్ మరలు బీఎస్ఏ రకం, మన ఊళ్లో సైకిళ్ల మీద చూసిన బీఎస్ఏనే, బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. గొలుసు వైపు బేరింగ్ కప్పు అపసవ్య దిశలో తిప్పితే బిగుస్తుంది. టైటానియంలో ఏ మర బిగించినా యాంటీ సీజ్ పేస్ట్ (మరలు పట్టేయకుండా ఆపేది) తప్పనిసరి, మామూలు గ్రీజు చాలదు, లేకపోతే మళ్లీ సీట్‌పోస్ట్ కథే.

ఫోర్క్ కొత్తది, కార్బన్. నా ఫ్రేమ్‌కి 1 1/8 అంగుళాల స్టీరర్ (ఫోర్క్ పై గొట్టం) సరిపోతుంది, ఇంకా పాత ఫ్రేములకి 1 అంగుళం ఉంటుంది, వాటికి మంచి ఫోర్క్ దొరకడం కష్టం, కొనేముందే కొలుచుకోండి. టైర్లు 25 మిల్లీమీటర్లవి. 28 వేసి చూస్తే బ్రేక్ కింద వేలిగోరు కూడా దూరలేదు, తీసేశాను. ఫ్రేమ్ ఒక్కటే నా త్రాసులో 1.48 కిలోలు, పెడళ్లు, నీళ్ల బాటిల్ పెట్టే స్టాండులతో మొత్తం 8.3 కిలోలు. ఖర్చు అంతా కలిపి 2,100 డాలర్లు అయింది.

ఎలా నడుస్తుంది? టైటానియం రైడ్ పట్టులా ఉంటుందని చాలామంది చెప్తారు. నా మాట కాస్త వేరు. టైటానియం వంగే గుణం స్టీల్‌కి దాదాపు రెట్టింపు, బరువు సగం కన్నా కొంచెం ఎక్కువ, అందుకే ట్యూబులు లావుగా చేసి గట్టిదనం తెస్తారు. కాబట్టి రైడ్ లోహంలో కన్నా ట్యూబ్ కొలతల్లో, టైర్ గాలిలో ఎక్కువ ఉంటుంది. మొదటి నెల టైర్లలో గాలి 100 పీఎస్ఐ కొట్టి తొక్కితే చేతులు తిమ్మిరెక్కాయి, 80కి దించాక హాయిగా ఉంది. అదే ఫ్రేమ్, అవే ట్యూబులు. అయినా సన్నటి గరుకు, అంటే తారు రోడ్డు మీద చిన్న కంకర గరగర, నా పాత అల్యూమినియం సైకిల్ కన్నా ఇందులో బాగా తక్కువ తెలుస్తుంది, నాలుగు గంటల రైడ్ తర్వాత ఆ తేడా నడుముకి తెలుస్తుంది. వాలు దిగేటప్పుడు గీత గీసినట్టు వెళ్తుంది.

గట్టిగా నిలబడి తొక్కితే మాత్రం బాటమ్ బ్రాకెట్ దగ్గర కొద్దిగా ఊగుతుంది. డాలోనెగాలో ఏటా సెప్టెంబర్‌లో జరిగే సిక్స్ గ్యాప్ సెంచరీ సైకిల్ రైడ్ దారిలో హాగ్‌పెన్ గ్యాప్ అనే కనుమ ఉంది, ఏడు మైళ్ల ఎక్కుడు, కొన్ని చోట్ల 15 శాతం వాలు. అక్కడ పక్కన కార్బన్ సైకిల్ వాళ్లు నాకన్నా ముందు వెళ్లిపోయారు. రేసు గెలవాలనుకుంటే ఇది మీ సైకిల్ కాదు, ఆ డబ్బుకి వాడిన కార్బన్ తీసుకోండి. వర్షంలో రిమ్ బ్రేక్ ఆలస్యంగా పట్టడం కూడా నిజమే, ముందే నొక్కడం అలవాటు చేసుకోవాలి.

ఆదివారం పొద్దున్నే స్మిర్నాలో సిల్వర్ కామెట్ ట్రైల్ మొదట్లో మేం కలుస్తాం, పాత రైలు మార్గం మీద అలబామా సరిహద్దు దాకా 61 మైళ్ల దారి అది. మాలో నలుగురివి టైటానియం సైకిళ్లు, రైడ్ అయ్యాక కాఫీతో పాటు కనీసం అరగంట వాటి ప్రదర్శన ఉంటుంది. ఫోటోకి మాకొక పద్ధతుంది. గొలుసు వైపు కెమెరాకి ఉండాలి, గొలుసు ముందు పెద్ద పళ్ల చక్రం మీద, వెనక చిన్న పళ్ల చక్రం మీద ఉండాలి, టైర్ మీద పేరు సరిగ్గా వాల్వ్ దగ్గరికి రావాలి. ఒకాయన దగ్గర మూట్స్ కంపెనీ సైకిల్ ఉంది, కొలరాడోలో స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్‌లో చేస్తారు, హెడ్ ట్యూబ్ మీద మొసలి బొమ్మ. నా మొత్తం సైకిల్ ఖర్చుకి ఆ ఫ్రేమ్ రాదు. "అన్నా, ఈ వెల్డ్ చూడండి, చేప పొలుసులు వరసగా పేర్చినట్టు లేదూ" అంటూ వంగి చూపిస్తాడు, నేనూ మోకాళ్ల మీద కూర్చుని చూస్తాను, నిజంగానే అంత అందంగా ఉంటుంది. తర్వాత నా సీట్ ట్యూబ్ చూపిస్తాను, మా అమ్మ తోమింది అని చెప్తాను.

కొత్త సీట్‌పోస్ట్ 27.2 మిల్లీమీటర్ల కార్బన్‌ది వేశాను, టైటానియంతో కలిసినా దానికి ఆ ఉబ్బే జబ్బు రాదు. అయినా ఆరు నెలలకోసారి బయటికి లాగి, తుడిచి, జారకుండా పట్టే కార్బన్ పేస్ట్ రాసి, 5 న్యూటన్ మీటర్లకి బిగిస్తున్నాను. మొన్న ఆదివారం తీశాను, బోల్ట్ వదులు చేయగానే రెండు వేళ్లతో వచ్చేసింది.