తీపి యావ తగ్గాలంటే: బెల్లమా, మాత్రలా, చెంచా తగ్గించడమా – ఏది మేలు?

మధ్యాహ్నం ఒంటిగంటకి భోంచేస్తే నాలుగింటికల్లా నోరు తీపి అడుగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలా ఇళ్లలో అందుకు రెండు చెంచాల పంచదారతో టీ, పక్కన నాలుగు బిస్కెట్లు సిద్ధం. అసలు గొడవ ఒంటిగంట పళ్లెంలోనే మొదలవుతుంది. తెల్లన్నం, చారు, ఆవకాయతో సరిపెడితే రక్తంలో గ్లూకోజు గబగబా పెరుగుతుంది, ఇన్సులిన్ దాన్ని అంతే జోరుగా దించుతుంది. అప్పుడే యావ మొదలు. రోజూ అదే వేళకి తీపి తిన్న అలవాటు దానికి తోడవుతుంది. రాత్రి నిద్ర చాలకపోతే మరీ ఎక్కువ.

అందరూ ముందు పట్టుకునేది బెల్లం. అనకాపల్లి బెల్లమైనా తాటిబెల్లమైనా అందులో ఎక్కువ భాగం చక్కెరే. ఇనుము, ఖనిజాలు కొంచెం ఉన్న మాట నిజమే గానీ, టీలో వేసుకునే పాటి ముక్కతో ఒంటికి పట్టేది స్వల్పం. పైగా కొలత తప్పుతుంది. చదును చెంచా పంచదార 4 గ్రాములు. చేత్తో విరిచిన నిమ్మకాయంత బెల్లం ముక్క 20 గ్రాములు దాటొచ్చు. రుచి కోసమైతే వాడుకోండి, పాలు విరక్కుండా టీ దించాక వేసుకోండి. యావ తగ్గించే విషయంలో మాత్రం పంచదారకి, బెల్లానికి తేడా లేదు.

పంచదారకి బదులు వేసుకునే సుక్రలోజ్, స్టీవియా లాంటి తీపి మాత్రలతో కేలరీలు తగ్గుతాయి, కానీ నాలుక అదే తీపికి అలవాటుపడి ఉంటుంది. బరువు తగ్గడానికి వీటిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ సలహా అప్పటికే సుగర్ ఉన్నవాళ్లకి వర్తించదు. వాళ్లు పంచదార మానే దారిలో కొన్నాళ్లు వాడుకోవచ్చు.

ఇక ఒక్కసారిగా మానేయడం. కూల్ డ్రింకుల విషయంలో ఇదే మేలు. 250 మిల్లీలీటర్ల సీసాలో ఇంచుమించు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాల పంచదార. దాన్ని కొంచెం కొంచెం తగ్గించుకుంటూ కూర్చోవడం దండగ. టీ, పండగ పిండివంటలు మాత్రం ఒక్కరోజులో మానితే తలనొప్పి, చిరాకు వచ్చి, పైడితల్లి సిరిమానోత్సవం నాడో సంక్రాంతి అరిసెల దగ్గరో మొత్తం కట్ట తెగుతుంది. పండగనాడు ఒక అరిసె భోజనం చివర తినండి. ఖాళీ కడుపుతో తింటే రెండోదానికి చెయ్యి తనంతట తనే వెళ్తుంది.

నిలబడేది చెంచా తగ్గించే పద్ధతే. రోజుకి మూడు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాలంటే 24 గ్రాములు. రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు టీలతోనే నిండిపోతుంది. వారానికి అర చెంచా తగ్గించండి: మొదటి వారం ఒకటిన్నర, రెండో వారం ఒకటి, మూడో వారం అర. తక్కువ తీపికి నాలుక కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అప్పుడు పాత టీ తాగితే వెగటు. దెబ్బతినేది ఎక్కువగా రెండు చోట్ల. కుప్ప చెంచాకి, చదును చెంచాకి దాదాపు రెట్టింపు తేడా ఉంటుంది కాబట్టి చెంచా మీద పంచదార వేలితో చదును చేయాలి. రెండోది టీ బడ్డీ. అక్కడ పంచదార గిన్నెలోనే మరిగి ఉంటుంది, "తక్కువ వెయ్యి బాబూ" అంటే లాభం లేదు. సగం గ్లాసు అడగండి, లేదా విడిగా కాచి ఇమ్మనండి. టీలో తగ్గించి పక్కన రెండు బిస్కెట్లు కొరికితే తగ్గించిన అర చెంచా తిరిగొచ్చినట్టే.

నాలుగింటికి ఏం తినాలన్నది ఇంకో ప్రశ్న. పలాస జీడిపప్పు పది పలుకులకి 80 కేలరీల పైనే, మాంసకృత్తులు మూడు గ్రాముల లోపు. పిడికెడు వేపుడు సెనగలు, అంటే 30 గ్రాములు తింటే ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు వస్తాయి, పీచూ ఎక్కువే, ధరా తక్కువే. మా ఓటు సెనగలకే. ఖర్జూరం మంచిదని నాలుగు తింటే 20 గ్రాముల తీపి లోపలికి పోయినట్టే. చోడి (రాగి) అంబలైతే మజ్జిగ, ఉల్లిపాయతో తాగండి, బెల్లంతో వద్దు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పులు, గింజలు ఎంత తినాలో డాక్టరుని అడిగే మొదలెట్టాలి. వీటన్నిటికంటే ముందు మధ్యాహ్నం అన్నం ఒక గరిట తగ్గించి పప్పో, చేపో, గుడ్డో పెంచండి, తిన్నాక పది నిమిషాలు నడవండి. ఈ రెండూ చేసిన రోజున నాలుగింటి యావ సగం రాదు. వచ్చినా గ్లాసుడు మంచినీళ్లు తాగి పావుగంట వేరే పనిలో పడితే చాలావరకు దానంతటదే దిగిపోతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఇవేవీ పాటించకూడదు. ఇన్సులిన్ గానీ, గ్లూకోజు బాగా దించే కొన్ని సుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లకి చెమటలు, చేతుల వణుకు, గుండెదడతో తీపి తినాలనిపిస్తే అది యావ కాదు, సుగర్ పడిపోవడం. ఆలస్యం చేయకుండా మూడు, నాలుగు చెంచాల గ్లూకోజు గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ పరీక్ష చేసుకోవాలి. 70 లోపే ఉంటే మరోసారి తాగాలి. కోలుకున్నాక ఏదైనా తినాలి. మనిషి మగతలోకి జారుతుంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.