మతం మాట ఎందుకు చెల్లుతుంది? డర్కైమ్ మేలా, వెబర్ మేలా?

మతాన్ని సమాజశాస్త్రం వైపు నుంచి చదవాలంటే ముందు ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్‌ని పట్టుకోవాలా, జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్‌నా అని తరచూ అడుగుతున్నారు. మతంలో మీకు అంతుపట్టనిది ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది. జనం ఎందుకు ఒక్కటవుతారన్నది మీ ప్రశ్న అయితే డర్కైమ్. ఒకరు చెబితే మిగతావాళ్లు ఎందుకు వింటారన్నది అయితే వెబర్. నన్ను తొలిచేది రెండోదే.

డర్కైమ్ 1912 నాటి పుస్తకం ఎక్కువగా ఆస్ట్రేలియా ఆదివాసుల టోటెమ్ (ఒక గుంపు తన గుర్తుగా కొలిచే జంతువో మొక్కో) ఆచారాల మీద నడుస్తుంది. అరుంటా తెగవాళ్లు పవిత్రంగా దాచుకునే చురింగా చూడబోతే ఓ చెక్కముక్క, లేదా రాయి. డర్కైమ్ లెక్కలో మామూలు చెక్కా రాళ్ల నుంచి దాన్ని వేరు చేసేది దాని మీది టోటెమ్ గుర్తే. దీక్ష పొందనివాళ్లు దాన్ని ముట్టుకోకూడదు, చూడకూడదు. దాన్ని అంత పవిత్రం చేసే శక్తి రాయిది కాదు, గుంపుదేనంటాడు. అందరూ కలిసి ఆడిపాడేటప్పుడు ఒళ్లు తెలియని ఆవేశం ఎక్కడిదో ఇంత బాగా విప్పి చెప్పినవాళ్లను నేను చదవలేదు. కానీ ఆ గుంపులోంచే ఇద్దరు లేచి "అసలు వారసుణ్ని నేనే" అంటే? దానికి ఆయన దగ్గర జవాబు పలచన.

వెబర్‌కి అదే ముఖ్యం. మాట చెల్లడానికి ఆయన చెప్పిన ఆధారాలు మూడు: ఆనవాయితీ, చట్టం, కరిష్మా (ఒక మనిషిలో జనం చూసే అసాధారణమైన ఆకర్షణ శక్తి). మూడోది అన్నిటికన్నా బలమైనది, కానీ మనిషితోపాటే పోతుంది. 1844లో అమెరికాలో మోర్మన్ అనే క్రైస్తవ శాఖను స్థాపించిన జోసెఫ్ స్మిత్‌ని మూక చంపేసినప్పుడు మోర్మన్లకు వచ్చిపడిన కష్టం ఇదే. సంఘానికి సంరక్షకుణ్ని నేనన్నాడు సిడ్నీ రిగ్డన్. నన్నే వారసుణ్ని చేస్తూ స్మిత్ రాసిన ఉత్తరం ఉందన్నాడు జేమ్స్ స్ట్రాంగ్. బ్రిగమ్ యంగ్ మాత్రం అధికారం పన్నెండుమంది అపోస్తలుల (సంఘపు పెద్దల) మండలిదన్నాడు. ఎక్కువమంది అతని వెనకే నడిచారు. కరిష్మా మనిషిని వదిలి పదవిలోకి చేరడమంటే ఇదే. ఇక ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా మాట చెల్లుతుంది. ఈ ఒక్క మెలిక అర్థమైతే పీఠాల తగాదాలు, వారసత్వపు గొడవలు చాలావరకు విడిపోతాయి. అందుకే నా ఓటు వెబర్‌కే.

మార్క్స్ సంగతి? ఆ అధికారం వల్ల లాభం ఎవరికని అడగడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. నమ్మినవాడికి అది ఎందుకు న్యాయంగా తోస్తుందన్న దగ్గర అంత దూరం వెళ్లడు. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త పియెర్ బూర్దియూని మాత్రం ఈ ముగ్గురి తర్వాతే తీయండి. ఆయన వాదించేది వీళ్లతోనే.