భయపడే కుక్కకి ఇంటికొచ్చి నేర్పే ట్రైనర్: మా లడ్డూ సంగతి

హైదరాబాద్‌లో సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ వైపు ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. నాలుగు స్టార్లు.

మా లడ్డూ దేశీ కుక్క, పెద్దయ్యాక మా ఇంటికొచ్చింది. ఇంకో కుక్క కనబడితే తోక ముడిచి వెనక్కి లాగేది, దగ్గరికొస్తే మొరుగుతూ మీదికి దూకేది. చూసినవాళ్లంతా పొగరనుకునేవారు. ఈ ట్రైనర్ మేడమ్ మాత్రం గేటు దగ్గర కాసేపు నిలబడి చూసి, ఇది ఒట్టి భయమండీ అన్నారు. అంతకుముందు వచ్చిన ట్రైనర్ మెడకి ముళ్ల గొలుసేసి కుక్కల మధ్యలోకి లాక్కెళ్లి, అదే అలవాటు పడుతుందన్నాడు. అలవాటు పడలేదు సరికదా, తాడు చూస్తేనే మంచం కిందకి దూరేది.

ఈవిడ పద్ధతంతా దూరం మీదే. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కుక్క నిలబడితే లడ్డూ దాన్ని చూస్తూనే ఉడికించిన చికెన్ ముక్క తింటుంది. ఇంకో నాలుగడుగులు వేశామా, ముక్క నోట్లోంచి జారిపోతుంది. తినడం ఆపిందంటే మరీ దగ్గరికెళ్లామని లెక్క, వెనక్కి వచ్చేయాలి. ముందు కుక్క కనబడాలి, ఆ తర్వాతే ముక్క. వరస తిరగేస్తే చికెన్ వాసనకే ఎక్కడో కుక్క ఉందని బెదురుతుందట. గంట కొట్టి తిండి పెడుతుంటే కొన్నాళ్లకి గంట వింటేనే కుక్కకి నోరూరుతుందన్న పావ్‌లోవ్ ప్రయోగం గురించి స్కూల్లో బట్టీపట్టాను కానీ దానితో ఇంత పనుందని అప్పుడెవరూ చెప్పలేదు!

నిద్ర రాకుండానే ఆవలించడం, ఊరికే మూతి నాక్కోవడం, కంట్లో తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం... ఇవి భయానికి గుర్తులట. మొరిగేదాకా ఆగకుండా ఇవి కనబడగానే పక్కకి తిప్పేయమన్నారు.

నాకు బాగా నచ్చింది మాత్రం వీధికుక్కల విషయం. వీడియోల్లో ఎదుటి కుక్క కూడా బుద్ధిగా తాడుకి కట్టి ఉంటుంది. మన సందుల్లో ఎవరు కడతారు? ఏ సందు కుక్కలు ఆ సందువి, హద్దు దాటితే గుంపుగా వస్తాయి. ఈవిడ ముందు ఒక్కరే కాలనీ అంతా తిరిగి ఏ కుక్క ఎలాంటిదో చూసుకున్నారు. మందుల షాపు అరుగు మీద ఓ ముసలి కుక్క పడుకుంటుంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టు గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంటుంది. పక్కన బాంబు పడినా లేవదు. మొదటి పాఠాలన్నీ దాని ముందే.

తర్వాత తన లాబ్రడార్‌ని తెచ్చారు. ఎదురెదురుగా కాదు, రోడ్డుకి అటు అది, ఇటు లడ్డూ, ఒకే వైపు నడక. కుదిరినకొద్దీ మధ్య దూరం తగ్గిస్తూ వచ్చారు. తాడు వదులుగా ఉండాలి, మనం బిగించామంటే ఏదో ప్రమాదముందని దానికి మనమే చెప్పినట్టట. ఓ రోజు లడ్డూ తనంతట తనే వెనకనుంచి వెళ్లి లాబ్రడార్‌ని వాసన చూసింది. మూడు లెక్కపెట్టేలోపే పిలిచేయమన్నారు. పిలిచాను, వచ్చేసింది!

లేనిపోని ఆశలు పెట్టరు. కుక్కపిల్లకి 3 నుంచి 14 వారాల మధ్య చూసిందే బాగా అలవాటవుతుంది, ఆ వయసులో లడ్డూ ఎక్కడుందో మనకి తెలీదు, కాబట్టి అందరితో ఆడుతుందని మాటివ్వలేను, బెదరకుండా దాటిపోయేలా చేస్తాను అన్నారు. అంతే చేశారు. కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ వాళ్లు 2018లో తెరిచిన డాగ్ పార్కుకి తీసుకెళ్లనా అంటే ఇప్పుడే వద్దన్నారు.

స్టారు తగ్గింది ఫీజుకి. మొత్తం ముందే కట్టాలి, వాయిదాల్లేవు. వాన పడితే క్లాసు వెనక్కిపోతుంది, మళ్లీ ఎప్పుడో మనమే అడగాలి. ఇంకోటి, నడిపించేవాళ్లంతా క్లాసులో ఉండాలి. మావారు పేపరు చదువుతూ ఇంట్లో కూర్చున్నారు, ఆయన చేతిలో తాడుంటే లడ్డూది ఇప్పటికీ పాత పాటే.

పిలిచేముందు రేబీస్ టీకా కార్డు తీసిపెట్టుకోండి. అది చూడందే ఆవిడ గేటు లోపలికి రారు.