లెన్స్ డిజైన్ నేర్చుకోవడానికి ఏ పుస్తకం కొనాలి? ఏళ్ల తరబడి వాడినవాడి సమీక్ష

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ల కోసం అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఒక్క పుస్తకానికే డబ్బులుంటే వారెన్ స్మిత్ రాసిన ‘మోడర్న్ ఆప్టికల్ ఇంజనీరింగ్’ కొనండి. రెండోదానికీ ఉంటే రుడాల్ఫ్ కింగ్‌స్లేక్ ‘లెన్స్ డిజైన్ ఫండమెంటల్స్’ తీసుకోండి. మిగతావాటికి తొందర లేదు. అట్ట మీద సాఫ్ట్‌వేర్ పేరున్న పుస్తకంతో మాత్రం మొదలుపెట్టొద్దు.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. విశాఖపట్నంలో పెదగంట్యాడ వైపు వైద్య పరికరాలు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో చేరాక కెమెరా ముందు పెట్టే లెన్సుల పని నా నెత్తిన పడింది. అక్కడ ఆ పని తెలిసినవాళ్లెవరూ లేరు, నాకూ తెలీదు, కానీ కొత్తగా చేరినవాణ్ణి కదా, కాదనలేకపోయాను. దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పే మనిషి ఊళ్లో నాకు దొరకలేదు, అందుకని పుస్తకాలే దిక్కయ్యాయి. కొన్ని సొంత డబ్బుతో కొన్నాను, కొన్ని ఆఫీసు కొనిపెట్టింది. ఇప్పటికీ వారానికోసారైనా చేతిలోకి వచ్చేవి కొన్ని, కొన్న కొత్తలో తెరిచి మళ్లీ ముట్టుకోనివి కొన్ని.

ఇంటర్ ఫిజిక్స్ తర్వాత ఆప్టిక్స్ జోలికి పోనివాళ్లు తిన్నగా స్మిత్ దగ్గరికి వెళ్తే మొదటి యాభై పేజీల్లోనే నీరసం వచ్చేస్తుంది. వాళ్లు ముందు అజోయ్ ఘటక్ ‘ఆప్టిక్స్’ చూడాలి. మన దేశంలో ఫిజిక్స్ చదివే పిల్లలందరికీ తెలిసిన పుస్తకమే, ధర కూడా మనవాళ్లు భరించేలా ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లోనూ తేలిగ్గా దొరుకుతుంది. అందులో అంతా అక్కర్లేదు. ఫెర్మా సూత్రం, గోళాకార ఉపరితలాల దగ్గర వక్రీభవనం, మాట్రిక్స్ పద్ధతి, అబరేషన్లు (అంటే లెన్స్ వల్ల ప్రతిబింబంలో వచ్చే లోపాలు), ఈ నాలుగు అధ్యాయాలు కాగితం మీద లెక్కలు వేస్తూ చదివితే చాలు. ఇంటర్‌ఫెరెన్స్, హోలోగ్రఫీ, ఫైబర్ బాగుంటాయి గానీ ఈ పనికి తర్వాత చూసుకోవచ్చు.

ఇక స్మిత్. 1966లో మొదటిసారి వచ్చింది, నా దగ్గరున్నది నాలుగో ఎడిషన్. పేరుకి లెన్స్ డిజైన్ పుస్తకం కాదు గానీ లెన్స్ డిజైన్ చేసేవాడికి రోజూ కావలసింది ఇందులోనే ఉంటుంది. లెన్సుల వరుస గుండా ఒక కిరణం ఎలా పోతుందో చేత్తో లెక్కించే పద్ధతి ఉంది చూశారా, ఒక వరుసలో ఎత్తు, ఇంకో వరుసలో కోణం వేసుకుంటూ పోయేది, దాన్ని ఈయనంత తేలిగ్గా చెప్పినవాళ్లు నాకు ఇంకొకరు కనబడలేదు. కొత్త కోణం కావాలంటే పాత కోణంలోంచి ఎత్తునీ లెన్స్ పవర్‌నీ (1ని ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చేది) గుణించి తీసేయాలి, కొత్త ఎత్తు కావాలంటే పాత ఎత్తుకి కోణాన్నీ దూరాన్నీ గుణించి కలపాలి. గాలిలో ఉన్న పలుచటి లెన్సులకి అంతే. ఎక్సెల్‌లో రెండు వరుసలు రాసుకుంటే చాలు, మూడు లెన్సుల టెలిస్కోపు అయినా, ఎండోస్కోపులో ప్రతిబింబాన్ని ముందుకి చేరవేసే రిలే లెన్సులైనా, ఏది ఎక్కడ ఫోకస్ అవుతుందో, ఏ లెన్స్ ఎంత వ్యాసం ఉండాలో సాఫ్ట్‌వేర్ తెరవకుండానే తేలిపోతుంది. నేను ఇవాళ్టికీ ఏ పనైనా ఆ ఎక్సెల్‌తోనే మొదలుపెడతాను.

స్మిత్‌లో నాకు నచ్చే ఇంకో గుణం ఆయన ఉజ్జాయింపు లెక్కలకి సిగ్గుపడడు. ఫలానా రకం లెన్స్ ఫలానా ఎఫ్-నంబరు (ఫోకల్ లెంగ్త్‌ని లెన్స్ వ్యాసంతో భాగిస్తే వచ్చేది) దగ్గర ఎంత మసకేస్తుందో వెంటనే అంచనా వేసుకునే చిన్న చిన్న సూత్రాలు ఇస్తాడు. మీటింగులో కూర్చున్నప్పుడు ‘ఇది ఒక్క లెన్సుతో అవుతుందా, రెండు కావాలా?’ అని అడిగితే సాయంత్రం చెబుతాను అనక్కర్లేదు. ప్రిజమ్‌లు, కంటి నిర్మాణం, కోటింగ్‌లు, వెలుతురు లెక్కలు కూడా ఉన్నాయి. లోపమంటే ఒకటే, అన్నీ ఉన్నాయి కాబట్టి దేన్నీ చివరంటా పట్టుకెళ్లదు. దీన్ని చదివి పాత లెన్స్‌లో ఏం జరుగుతోందో చెప్పగలరు గానీ ఖాళీ కాగితం ముందు కూర్చుని కొత్త లెన్స్ గీయాలంటే చెయ్యి ఆగిపోతుంది.

అక్కడ కింగ్‌స్లేక్ కావాలి. ఈయన కొడాక్‌లో లెన్స్ డిజైన్ విభాగానికి పెద్దగా పనిచేశాడు, రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పాడు. పుస్తకం 1978లో వచ్చింది, బ్యారీ జాన్సన్ తిరగరాసి పెంచిన రెండో ఎడిషన్ 2010 నాటిది. చదువుతుంటే బోర్డు దగ్గర నిలబడి ఒక్కో లెన్స్ కట్టి చూపిస్తున్నట్టే ఉంటుంది.

ఉదాహరణకి రెండు గాజులు అతికించిన ఆక్రోమాట్. 100 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ కావాలి, ఎరుపూ నీలమూ ఒకే చోట కలవాలి. బీకే7 గాజు అబ్బే సంఖ్య (ఇది ఎంత ఎక్కువుంటే గాజు రంగుల్ని అంత తక్కువ విడదీస్తుంది) 64.17, ఎఫ్2 గాజుది 36.37. రెంటికీ తేడా 27.8. 64.17ని 27.8తో భాగిస్తే 2.308, అంటే ముందు లెన్స్ పవర్ మొత్తం పవర్‌కి 2.308 రెట్లుండాలి, ఫోకల్ లెంగ్త్ 43.3 మి.మీ. రెండోది మైనస్ 76.4. ఇప్పుడు ముందు లెన్స్‌ని రెండు వైపులా ఒకేలా ఉబ్బుగా చేస్తే వ్యాసార్ధం 44.8 వస్తుంది. అదే వంపు రెండో గాజుకీ ఇచ్చి అతికిస్తే చివరి ముఖం వ్యాసార్ధం మైనస్ 800 దాటి, చూడ్డానికి చదునుగానే తేలుతుంది. ఈ లెక్కంతా ఒక కాగితం. ఇక్కడి దాకా చాలా పుస్తకాలు తీసుకొస్తాయి. కింగ్‌స్లేక్ ఇక్కడ మొదలుపెడతాడు. ఆ గాజులకి నిజమైన మందం ఇచ్చి, అంచు దగ్గర పోయే కిరణాన్ని త్రికోణమితితో పట్టుకెళ్లి, చివరి వ్యాసార్ధాన్ని ఎంత కదిపితే రంగు సరిపోతుందో, మొత్తం లెన్స్‌ని ఎటు వంచితే గోళీయ విపథనం (అంచు కిరణాలూ మధ్య కిరణాలూ ఒకే చోట కలవకపోవడం) తగ్గుతుందో గ్రాఫ్ గీసి చూపిస్తాడు. ఏది కదిపితే ఏది కదులుతుందో ఒకసారి చేత్తో చేసి చూశాక, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఆప్టిమైజ్ నొక్కినప్పుడు అది ఎందుకు మొండికేస్తోందో అర్థమవడం మొదలవుతుంది. ఈ ఒక్క అధ్యాయం కోసమే పుస్తకం కొనొచ్చు అంటాను.

చికాకులూ లేకపోలేదు. పాత లెక్కల్లో గాజు పేర్లు కొన్ని ఇప్పటి క్యాటలాగ్‌లో ఉండవు, సీసం తీసేసిన కొత్త గాజులొచ్చాక చాలా పేర్ల ముందు ‘ఎన్’ చేరింది, కొన్ని అసలే ఆగిపోయాయి. దగ్గరి గాజు వెతుక్కుని లెక్క మళ్లీ చేసుకోవాలి. అదీ ఒకరకంగా మంచి అభ్యాసమే లెండి.

కింగ్‌స్లేక్ గురువు కాన్రాడీ రాసిన ‘అప్లైడ్ ఆప్టిక్స్ అండ్ ఆప్టికల్ డిజైన్’ గురించి కూడా అందరూ చెబుతారు. మొదటి భాగం 1929లో వచ్చింది. ఆయన పోయాక మిగిలిన రాతప్రతుల నుంచి రెండో భాగాన్ని 1960కల్లా బయటికి తెచ్చింది కింగ్‌స్లేకే, పైగా ఆయన కాన్రాడీకి అల్లుడు. డోవర్ ముద్రణ కాబట్టి మిగతావాటితో పోలిస్తే చవక. అయినా మొదటి పుస్తకంగా వద్దు. లాగరిథమ్ పట్టికలతో లెక్కలు చేసే కాలం నాటిది, పైగా కోణాలకి కాన్రాడీ పెట్టే ప్లస్ మైనస్ గుర్తులు ఇప్పటి సాఫ్ట్‌వేర్‌కి తిరగబడి ఉంటాయి. రెండూ కలిపి చదివితే తల తిరుగుతుంది. సరదా ఉన్నవాళ్లు కొనుక్కోండి, నేనైతే మొదటి భాగం మాత్రమే పూర్తిగా చదివాను, రెండోది అక్కడక్కడా.

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే అమెరికా రక్షణ శాఖ 1962లో తెచ్చిన ‘మిల్ హ్యాండ్‌బుక్ 141’ ఉంది. ఉచితంగానే దొరుకుతుంది. స్కాన్ అంత బాగోదు, కొన్ని పేజీల్లో పట్టికలు కళ్లు చికిలించి చూడాలి, కానీ అబరేషన్ల లెక్కలు అంత ఓపిగ్గా విడమరిచిన పుస్తకం ఉచితంగా రావడం మన అదృష్టం. నేను కావలసిన అధ్యాయాలు ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను. విశాఖ గాలికి రెండు వర్షాకాలాలయ్యేసరికి కాగితాలు వంకర్లు తిరిగాయి, ఇంకా పని చేస్తోంది.

గాలి అంటే గుర్తొచ్చింది. ఈ పుస్తకాల్లో దేనిలోనూ సరిపడా చెప్పని విషయం ఒకటుంది, సముద్రం పక్కన ఉండే మనలాంటివాళ్లకి అది చాలా ముఖ్యం. మూడు లెన్సుల కుక్ ట్రిప్లెట్, అదే డెన్నిస్ టేలర్ 1893లో పేటెంట్ తీసుకున్నది, దాని ఉదాహరణల్లో బయటి రెండు లెన్సులకి ఎస్‌కే16 గాజు తరచుగా కనబడుతుంది. లెక్క ప్రకారం చక్కటి గాజు. గాజు తయారుచేసే షాట్ కంపెనీ క్యాటలాగ్ తెరిచి వాతావరణాన్ని తట్టుకునే శక్తి చెప్పే ‘సీఆర్’ అనే గడి చూడండి, 1 అంటే మంచిది, 4 అంటే తేమకి త్వరగా మసకబారేది. బీకే7కి 1, ఎన్-ఎస్‌కే16కి 4. ఏసీ గదిలో ఉండే పరికరానికి ఫరవాలేదేమో గానీ బీచ్ రోడ్డులో బయట పెట్టే కెమెరాకి మొదటి లెన్స్‌గా అది పెడితే, కోటింగ్ ఎంత మంచిదైనా నాకు టెన్షన్ తప్పదు. పుస్తకంతో పాటు గాజు క్యాటలాగ్ కూడా పక్కన తెరిచి పెట్టుకోండి, అదీ ఉచితమే, నా లెక్కలో అదీ ఒక పాఠ్యపుస్తకమే.

తయారీ సంగతికొస్తే రాబర్ట్ ఫిషర్, ఇంకో ఇద్దరు కలిసి రాసిన ‘ఆప్టికల్ సిస్టమ్ డిజైన్’ మంచిది. లెక్కలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. టాలరెన్సులు (కొలతల్లో ఎంత తేడా వరకు ఫరవాలేదో), గాజు ఎలా అరగదీస్తారు, ఖర్చు ఎక్కడ పెరుగుతుంది, ఇవన్నీ మామూలు మాటల్లో ఉంటాయి, పైగా రంగంలో జరిగిన పొరపాట్ల మీద ఒక అధ్యాయమే పెట్టారు. మా వర్క్‌షాప్‌లో గాజు పని చేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఓసారి మా జూనియర్ గీసిన డ్రాయింగ్ చేతిలోకి తీసుకుని, రెండు వైపులా ఉబ్బున్న ఆ చిన్న లెన్స్ అంచు మీద గోరుతో గీత గీసి, ‘ఏటి బాబూ, అంచు బ్లేడులాగుంది, ఎక్కడ పట్టుకోమంటావు?’ అన్నారు. కంప్యూటర్‌లో ఆ లెన్స్ అద్భుతంగా ఉంది, అంచు మందం మాత్రం పావు మిల్లీమీటరు కూడా లేదు. ఆ కుర్రాడికి ఆ వారమే ఫిషర్ పుస్తకం ఇచ్చాను. కింగ్‌స్లేక్ ఇచ్చినా అర్థమయ్యేది కాదేమో, ఎందుకంటే కావలసింది లెక్క కాదు, ఆ ప్రశ్న అవతలివాళ్లు ఎందుకు అడుగుతున్నారో తెలియడం.

మిగతావి గబగబా. వెల్‌ఫోర్డ్ ‘అబరేషన్స్ ఆఫ్ ఆప్టికల్ సిస్టమ్స్’ సిద్ధాంతం ఇష్టపడేవాళ్లకి బంగారం, పని త్వరగా కావలసినవాళ్లకి భారం. హోసే సాసియన్ ‘ఇంట్రడక్షన్ టు లెన్స్ డిజైన్’ 2019 నాటిది, ఇప్పటి పద్ధతులు తెలుసుకోవడానికి పనికొస్తుంది, కింగ్‌స్లేక్ తర్వాత చదివితే బాగా ఎక్కుతుంది. మిల్టన్ లైకిన్ ‘లెన్స్ డిజైన్’ దాదాపుగా తయారైన డిజైన్ల జాబితా, ఏదో ఒక చోట నుంచి మొదలుపెట్టాలనుకున్నప్పుడు తిరగేస్తాను, చదవడానికి కూర్చుంటే ఏమీ ఉండదు. స్మిత్‌దే ‘మోడర్న్ లెన్స్ డిజైన్’ కూడా అలాంటిదే గానీ వ్యాఖ్యానం ఉంటుంది కాబట్టి ఆ రెండిట్లో నా ఓటు దానికే. కిడ్జర్ ‘ఫండమెంటల్ ఆప్టికల్ డిజైన్’ మంచిదే, కింగ్‌స్లేక్ ఉన్నాక నాకు పెద్దగా అవసరం పడలేదు. గ్రీవెన్‌క్యాంప్ ‘ఫీల్డ్ గైడ్ టు జామెట్రికల్ ఆప్టిక్స్’ సన్నటి పుస్తకం, సూత్రాలు మర్చిపోతే చూసుకోవడానికి బ్యాగులో పడేసుకుంటాను.

జీమాక్స్ అనే లెన్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉదాహరణలతో వచ్చే పుస్తకాల మీద నాకున్న అభ్యంతరం అవి చెడ్డవని కాదు. జోసెఫ్ గేరీ రాసినది చాలామందికి మొదటి గురువు, పాఠం చెప్పే తీరు కూడా హాయిగా ఉంటుంది. కానీ అది 2002 నాటిది, ఆ మెనూలు ఇప్పుడు వేరేలా ఉన్నాయి, పైగా పూర్తి లైసెన్సు ధర సొంతంగా నేర్చుకునేవాడు కొనేది కాదు. సాఫ్ట్‌వేర్ లేకుండా ఆ పుస్తకం సగమే. దానికి బదులు ఓస్లో అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ దించుకోండి, పది ఉపరితలాల పరిమితి ఉంటుంది గానీ ట్రిప్లెట్‌కి ఆరే కాబట్టి సరిపోతుంది. పైథాన్ వచ్చినవాళ్లకి రేఆప్టిక్స్, ఆప్టిలాండ్ అనే ఉచిత లైబ్రరీలున్నాయి. వాటిని పక్కన పెట్టుకుని కింగ్‌స్లేక్ లెక్కలు చేయండి, చేత్తో వచ్చిన అంకె కంప్యూటర్ అంకెతో మూడో దశాంశం దాకా కలిసినప్పుడు వచ్చే కిక్కు వేరే.

ధరల మాట. దిగుమతి పుస్తకాలు కొత్తవి కొంటే జేబుకి చిల్లే. ముందు మీ కాలేజీ లైబ్రరీలో అడగండి, ఫిజిక్స్ విభాగాల బీరువాల్లో స్మిత్ పాత ఎడిషన్లు ఎవరూ ముట్టుకోకుండా పడి ఉండే అవకాశం ఉంది. స్మిత్ ఏ ఎడిషన్ దొరికినా తీసుకోండి, కిరణాల లెక్కలు మారలేదు. కింగ్‌స్లేక్ మాత్రం వీలైతే రెండోదే చూడండి, మొదటిది మరీ చవగ్గా వస్తే అదీ వదలొద్దు.