విరాళాల ఉత్తరాలకు బిజినెస్ రిప్లై కవరు: చిన్న ట్రస్టుకు పనికొస్తుందా?

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు వృద్ధాశ్రమమో, కంటి శిబిరాల ట్రస్టో నడిపేవాళ్లు ఇప్పుడు విరాళాలు ఎక్కువగా వాట్సాప్‌లోనే అడుగుతున్నారు. కానీ చెక్కు రాసే తరం ఇంకా ఉంది. రిటైరైన టీచర్లు, కాజీపేట రైల్వే పెన్షనర్లు, సింగరేణిలో పనిచేసి దిగిపోయినవాళ్లు ఇంటికొచ్చిన ఉత్తరాన్ని పక్కన పడేయరు, కళ్లద్దాలు పెట్టుకుని చదువుతారు. వాళ్లకు ఉత్తరంతో పాటు జవాబు కవరు కూడా పంపాలనుకునే సంస్థకు తపాలా శాఖ బిజినెస్ రిప్లై సర్వీసు మంచి సాయం. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాం.

పద్ధతి తేలికే. పోస్టాఫీసులో దరఖాస్తు పెట్టి ఫీజు కడితే పర్మిట్ నంబరు ఇస్తారు. ఆ నంబరు, మీ చిరునామా, స్టాంపు అక్కర్లేదన్న మాట కవరు మీద అచ్చు వేయించాలి. దాత చెక్కు లోపల పెట్టి, అంటించి, డబ్బాలో వేస్తే చాలు. తిరిగి మీకు చేరిన కవర్లకే పోస్టేజీ కడతారు. వెయ్యి జవాబు కవర్లకూ 5 రూపాయల స్టాంపు అంటిస్తే 5000 రూపాయలు ముందే ఖర్చు. పర్మిట్ కవర్లయితే, నలభై మంది జవాబిచ్చారనుకుందాం, ఒక్కోదానికి 5 రూపాయలు వేసుకున్నా 200 అవుతుంది. పైగా స్టాంపు కోసం వెతుక్కునే పని దాతకు తప్పుతుంది. చాలా చెక్కులు ఆగిపోయేది ఆ స్టాంపు దగ్గరే.

నమూనాకు ఆమోదం రాకముందే ప్రెస్సుకు పరుగెత్తకండి. కవరు మీద వేయాల్సిన గీతలు, పర్మిట్ నంబరు ఉండాల్సిన చోట లేకపోతే కవర్లన్నీ చిత్తుకాగితాలే. ఒక్క కాపీ తీసి కౌంటర్లో చూపించి, సరే అనిపించుకున్నాకే అచ్చుకు ఇవ్వండి. బయటి కవరు 9×4 అంగుళాలైతే లోపలిది కనీసం పావు అంగుళం చిన్నగా ఉండాలి.

ఇక బరువు. సాధారణ ఉత్తరానికి మొదటి 20 గ్రాములకు 5 రూపాయలు, ఆపైన ప్రతి 20 గ్రాములకు మరో 5. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) ఏ4 కాగితం ఒకటి 4.4 గ్రాములు తూగుతుంది. బయటి కవరు దాదాపు నాలుగున్నర, జవాబు కవరు నాలుగు, 100 జీఎస్‌ఎం అరకాగితం మీద విరాళం ఫారం మూడు గ్రాములు. అంతా కలిపితే 16. రెండో కాగితం చేర్చారంటే 20 దాటుతుంది, వెయ్యి ఉత్తరాల ఖర్చు 5000 నుంచి 10,000కు పోతుంది. కాబట్టి ఒకే కాగితం, రెండు వైపులా అచ్చు. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి కొంచెం బరువెక్కుతుంది, ఒక గ్రాము వెసులుబాటు ఉంచుకోండి. మెరిసే ఆర్ట్ పేపర్ మీద రంగుల బ్రోచర్ అసలే వద్దు. ఆ డబ్బుతో అక్షరాలు 14 పాయింట్ సైజులో వేయిస్తే పెద్దవాళ్లు చదవగలుగుతారు.

సర్వీసు ఎంత బాగున్నా చిరునామాల జాబితా చెడితే అంతా వృథా. మన ఊళ్ల డోర్ నంబర్లతో ఎక్సెల్‌లో ఒక చిక్కు ఉంది. 2-5-12 అని టైపు చేయగానే అది తేదీ అనుకుని 02-05-2012గా మార్చేస్తుంది. లేబుల్ మీద అదే అచ్చవుతుంది, పోస్టుమాన్‌కు ఇల్లు దొరకదు. టైపు చేయకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి. ఒకసారి తేదీగా మారాక కాలమ్ మార్చినా అసలు నంబరు తిరిగి రాదు, పాత రిజిస్టరు చూసి మళ్లీ కొట్టాల్సిందే.

జిల్లాల పేర్లతో ఇంకో గందరగోళం. 2016లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విడిపోయాయి, 2019లో ములుగు వచ్చింది, 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండ జిల్లా అయింది. పాత జాబితాలో అందరికీ వరంగల్ జిల్లా అనే ఉంటుంది. పిన్ సరిగ్గా ఉంటే దిగులు లేదు: హన్మకొండ 506001, మహబూబాబాద్ 506101, జనగామ 506167, ములుగు 506343. పల్లెలకైతే ఊరు, బ్రాంచి పోస్టాఫీసు, మండలం మూడూ రాయాలి. ఒకే పేరున్న ఊళ్లు పక్క మండలాల్లోనే ఉంటాయి.

డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లు నడుస్తున్నాయి. మీ జాబితా యూనికోడ్‌లో (ఫోన్లలో, వర్డ్‌లో తెలుగు టైపు చేసే పద్ధతిలో) ఉంటే ఆ ఫాంట్లకు మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. తన పేరే తప్పుగా పడిన ఉత్తరానికి ఎవరికి ఇవ్వబుద్ధేస్తుంది? ఉత్తరం షాపులో కంపోజ్ చేయించినా, పేర్ల లేబుళ్లు మాత్రం వర్డ్‌లో మెయిల్ మెర్జ్ (జాబితాలోని పేర్లు వాటంతటవే లేబుళ్లలో పడే సదుపాయం) పెట్టి, ఏ4 షీటుకు 24 వచ్చే స్టిక్కర్ల మీద మీరే తీసుకోండి.

తగ్గించిన ఆ ఒక్క మార్కు ట్రాకింగ్ లేనందుకు. కవరు ఎక్కడుందో కనిపెట్టే దారి లేదు. కాబట్టి నోట్లు పెట్టవద్దని ఫారం మీద పెద్ద అక్షరాల్లో వేయండి. చెక్కు రాయాల్సిన పేరు బ్యాంకు ఖాతాలో ఎలా ఉందో అలాగే, పొల్లు పోకుండా అచ్చు వేయండి. పక్కనే యూపీఐ క్యూఆర్ ఉండాలి. చెక్కుకు ఆయుష్షు మూడు నెలలే, వచ్చిన వారమే బ్యాంకులో వేయాలి. ఏటా పెద్ద మొత్తం ఇచ్చే కొద్దిమందికి మాత్రం స్పీడ్ పోస్టు చేయండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది.

ఫారంలో పాన్ గడి మరవొద్దు. అది లేకపోతే మే 31లోగా 10బీడీ (దాతల వివరాలతో ఆదాయ పన్ను శాఖకు ఇచ్చే ఫారం) దాఖలు చేసేటప్పుడు ఒక్కో దాతకూ ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. 2000 రూపాయలు దాటిన నగదుకు 80జీ మినహాయింపు (విరాళం ఇచ్చినందుకు దాతకు దొరికే ఆదాయ పన్ను మినహాయింపు) లేదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకూ లేదు. ఉత్తరంలో ఈ రెండూ దాచకుండా రాయండి. అమెరికాలో ఉన్న మనవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా రూపాయి ముట్టకూడదు.

పన్ను కోసం ఇచ్చేవాళ్లు మార్చి 31 లోపు ఇస్తారు కాబట్టి ఫిబ్రవరి మొదట్లో, పెన్షన్ పడిన వారంలో ఉత్తరం ఇంట్లో ఉండాలి. రెండేళ్లకోసారి మేడారం జాతర ఉన్న ఏడు మాత్రం ఆ తేదీలు చూసుకుని, జనం తిరిగొచ్చాకే పోస్టు చేయండి. డబ్బాలో కుక్కకుండా పిన్ వారీగా కట్టలు కట్టి హెడ్ పోస్టాఫీసులో ఇవ్వండి.

బయటి కవరు వెనక మీ చిరునామా ఉంటే చేరని ఉత్తరాలు తిరిగొస్తాయి. ఇల్లు మారారు, తాళం వేసి ఉంది, చిరునామా చాలదు అని పోస్టుమాన్ రాసిన మాట చూసి అదే రోజు జాబితా దిద్దుకోండి. తాళం ఉన్న ఇంటికి నెల తర్వాత ఇంకోసారి పంపవచ్చు. ఇల్లు మారినవాళ్ల పేరు కొట్టేసే ముందు ఒక్క ఫోన్ చేయండి. కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిన మాస్టారు కొత్త చిరునామా తనే చెబుతారు.